స్విమ్‌లో పైపు వివరాలు: ముందు లెవెల్స్ చూడు, ఎన్ విలువ సంగతి తర్వాత

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదే కదా: విజయనగరంలో ఒక వార్డు డ్రైన్లన్నీ ఈపీఏ స్విమ్‌లో (SWMM, వాననీరు డ్రైన్లలో ఎలా పారుతుందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) ఎక్కించావు, చిన్న వానకే అన్నిటికంటే పైనున్న మ్యాన్‌హోల్ పొంగుతున్నట్టు చూపిస్తోంది, రూటింగ్ కంటిన్యుటీ ఎర్రర్ (లోపలికొచ్చిన నీళ్లకీ, బయటికిపోయినవీ మిగిలినవీ కలిపిన లెక్కకీ తేడా) 15 శాతం దాటింది, మానింగ్స్ ఎన్ (పైపు లోపలి గరుకుదనం అంకె) 0.013 నుంచి 0.011కి తగ్గిస్తే సరిపోతుందా అని. సరిపోదు. ఎన్ జోలికి ఇప్పుడే వెళ్లకు. ఎర్రర్ 10 శాతం దాటితే ఆ రిజల్ట్స్‌ని నమ్మొద్దని మాన్యువల్లోనే ఉంది, కాబట్టి మోడల్ చెప్పే వరదని కూడా ఇప్పుడే పట్టించుకోకు.

నేను ఇటు విజయనగరం, అటు శ్రీకాకుళం డ్రైన్ల సర్వే చేసి ఇదే సాఫ్ట్‌వేర్‌లో పెట్టే పనిలో ఉన్నాను. ఇలాంటి మోడల్ ఎవరు పంపినా మొదట చూసేది యూనిట్లు. ఫ్లో యూనిట్ సీఎఫ్‌ఎస్ (సెకనుకి ఘనపుటడుగులు) మీద ఉండిపోతే 600 ఎంఎం పైపుకి నువ్వు మ్యాక్స్ డెప్త్‌లో (పైపు లోపలి ఎత్తు) కొట్టిన 0.6ని అది అడుగులు అనుకుంటుంది, అంటే 18 సెంటీమీటర్ల గొట్టం, చిన్న వానకే పొంగక ఏం చేస్తుంది? సీఎంఎస్‌కి (సెకనుకి ఘనపు మీటర్లు) గానీ ఎల్‌పీఎస్‌కి (సెకనుకి లీటర్లు) గానీ మారిస్తే మీటర్లలోకి వస్తుంది, కానీ ముందు ఎక్కించిన అంకెల్ని అది తనంతట తాను మార్చదు, ఒక్కొక్కటీ నువ్వే చూసుకోవాలి. అలాగే ఏ పైపుకైనా పొడవు 400, ఎన్ 0.01 అని కనిపిస్తే అవి సాఫ్ట్‌వేర్ డిఫాల్ట్‌గా వేసినవి, అక్కడ ఎవరూ ఏమీ నింపలేదన్నమాట.

ఇక అసలు సంగతి, ఇన్లెట్ ఆఫ్‌సెట్, అవుట్‌లెట్ ఆఫ్‌సెట్, అంటే పైపు రెండు చివర్లూ మ్యాన్‌హోల్‌కి ఏ ఎత్తులో తగులుతున్నాయో చెప్పే అంకెలు. ఆఫ్‌సెట్స్ డెప్త్‌లో పెట్టుకుంటే మ్యాన్‌హోల్ అడుగు నుంచి పైపు అడుగు ఎంత ఎత్తులో ఉందో ఆ తేడా మాత్రమే ఇవ్వాలి. చాలామంది లెవెల్ బుక్‌లో ఉన్న ఆర్ఎల్ (సర్వేలో రాసుకున్న మట్టం) తీసుకొచ్చి నేరుగా అక్కడ కొట్టేస్తారు, దాంతో పైపు గాల్లో వేలాడుతుంది, నీళ్లు అందులోకి ఎక్కలేక పై మ్యాన్‌హోల్‌లోనే నిలిచిపోతాయి. నీ మోడల్ లక్షణాలు చూస్తే నాకు మొదటి అనుమానం దీనిమీదే. ఆ ఆర్ఎల్‌నే ఇవ్వాల్సిన ఎలివేషన్ పద్ధతిలో ఉండి సున్నా వదిలేస్తే ఇంకో రకం: నెగెటివ్ ఆఫ్‌సెట్‌ని లెక్కలోకి తీసుకోలేదని వార్నింగ్ 03 ఇచ్చి ముందుకు పోతుంది. రిపోర్ట్ తెరిచి మొదట ఆ వార్నింగులు చదువు, మన పిల్లలు అవి చదవకుండా నేరుగా గ్రాఫ్‌కి వెళ్లిపోతారు.

ఎన్ కంటే లెవెల్ ఎందుకు ముఖ్యమంటానో లెక్కలో చూడు. 600 ఎంఎం హ్యూమ్ పైపు (సిమెంటు కాంక్రీటు పైపు), వాలు 400కి 1, ఎన్ 0.013 అనుకుంటే నిండుగా పారినప్పుడు సెకనుకి సుమారు 0.31 ఘనపు మీటర్లు. ఎన్‌ని 0.015 చేస్తే 0.27 దాకా దిగుతుంది, అంతే. అదే పైపు 40 మీటర్ల పొడవైతే పై అడుగుకీ కింది అడుగుకీ మొత్తం తేడా 10 సెంటీమీటర్లే. సర్వేలో ఒక ఇన్వర్ట్ (పైపు లోపలి అడుగు మట్టం) ఆ 10 సెంటీమీటర్లు తప్పిందంటే పైపుకి వాలే లేదు, అంతకు మించి తప్పితే ఎదురువాలు. నీటి పారుదల లెక్కగట్టే పద్ధతి కైనమాటిక్ వేవ్ అయితే ఎదురువాలు ఉన్నప్పుడు ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది, వెనక్కి తన్నే నీళ్లని కూడా లెక్కించే డైనమిక్ వేవ్‌లో మాత్రం కిక్కురుమనకుండా రన్ అయిపోతుంది. అందుకే ప్రతి లైనుకీ ప్రొఫైల్ ప్లాట్ (పైపుల్ని పక్కనుంచి చూపే బొమ్మ) తీసి కళ్లతో చూడు. మన ఊళ్లలో డ్రైన్‌కి వాలు అసలే తక్కువ, స్టాఫ్‌ని (సర్వే కొలత కర్రని) పూడిక మీద పెట్టి రీడింగ్ తీసుకుంటే ఆ ఉన్న కాస్తా పోతుంది. స్లాబు ఎత్తించి, గడ్డపార దిగేదాకా పొడిచి, కాంక్రీటు తగిలిన చోట స్టాఫ్ పెట్టించు. కుర్రాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనీ.

పూడికని కూడా మోడల్లో చూపించాలి, దానికోసం ఎన్ పెంచెయ్యడం పద్ధతి కాదు. ఫిల్డ్ సర్క్యులర్ అని ఒక షేప్ ఉంది, అందులో పైపు పూర్తి ఎత్తు, పూడిక లోతు వేరువేరుగా ఇస్తావు. 600 పైపులో 150 పూడిక ఉంటే దాదాపు అయిదో వంతు ఏరియా పోయినట్టే. ఆ 150ని మళ్లీ ఆఫ్‌సెట్‌కి కలపకు, సాఫ్ట్‌వేరే కలుపుకుంటుంది.

పాత వీధుల్లో రాతి కట్టుడు కాలువలుంటే వాటికి కాంక్రీటు ఎన్ ఇవ్వకు, కాంక్రీటు పైపుకి 0.011 నుంచి 0.015 అయితే, రాళ్లు తేలిన కాలువకి 0.020 నుంచి 0.035 దాకా ఉంటుంది. నేను చూసిన ఒక సందులో కాలువకి అడ్డంగా సగం ఎత్తులో కుళాయి పైపు, దానికి చుట్టుకున్న కవర్లూ కొబ్బరి పీచూ, పైనుంచి చూస్తే మూడడుగుల కాలువే, నీళ్లు పోయేది మాత్రం కింది సగంలోంచి. అలాంటి చోట కాలువని అక్కడ విడగొట్టి చిన్న ముక్కకి వేరే సైజు ఇవ్వడమే నయం. పైపు సైజుల్లో ఇంకొక్కటి, హ్యూమ్ పైపు 600 అంటే లోపలి వ్యాసం, హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్ పైపు) 315 అంటే బయటి వ్యాసం, రెండువైపులా గోడ మందం తీసేసి మ్యాక్స్ డెప్త్ ఇవ్వు.

ఎంట్రీ, ఎగ్జిట్ లాస్‌లు (నీళ్లు పైపులోకి దూరేటప్పుడు, బయటపడేటప్పుడు పోయే శక్తి) రోడ్డు కింద కల్వర్టుల దగ్గర తప్ప ఇప్పుడు అక్కర్లేదు. మ్యాక్స్ ఫ్లో సున్నా ఉంచు, సున్నా అంటే పరిమితి లేదని అర్థం.

శ్రీకాకుళం నుంచి ఇంకొకరు కింద అడిగారు, నాగావళిలో కలిసే డ్రైన్‌కి అవుట్‌ఫాల్ (డ్రైన్ చివరి నోరు) ఏం పెట్టాలని. ఫ్రీ, అంటే నీళ్లు అడ్డులేకుండా పడిపోతాయనే రకం, పెట్టకండి. నది నిండుగా ఉన్నప్పుడు నీటిమట్టం పైపు నోటికంటే పైన ఉంటే మన నీళ్లు బయటికి పోవు, నది నీళ్లే వెనక్కి తంతాయి. ఆ మట్టాన్ని ఫిక్స్‌డ్ స్టేజ్‌గా (మారని నీటిమట్టంగా) ఇచ్చి డైనమిక్ వేవ్‌లోనే రన్ చెయ్యండి, ఫ్లాప్ గేట్ (నది నీళ్లు వెనక్కి రాకుండా మూసుకునే తలుపు) నిజంగా అక్కడ ఉండి పనిచేస్తుంటేనే ఎస్ అని పెట్టండి.