టెక్సస్‌లో ఆపేస్తే న్యూజెర్సీలో నడపొచ్చా?

ప్రశ్న: డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఫ్రెండ్ పార్టీ నుంచి వస్తుంటే పోలీసులు ఆపారు. బ్రెత్ టెస్టులో 0.11 వచ్చింది. లైసెన్సు 90 రోజులు సస్పెండ్ చేశారు, ఇంకా 50 రోజులుంది. వచ్చే నెల ఎడిసన్‌లో మా అక్కావాళ్ల గృహప్రవేశం. సస్పెండ్ చేసింది టెక్సస్ కదా, న్యూజెర్సీలో అద్దె కారు నడపొచ్చా? ఇండియా లైసెన్సు కూడా ఉంది. ఇంట్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు.

జవాబు: నడపకూడదు. ఇండియా లైసెన్సుతోనూ కుదరదు.

న్యూజెర్సీ మిమ్మల్ని నడపనిచ్చేది మీ టెక్సస్ లైసెన్సు చెల్లుతోంది కాబట్టే. అది ఆగితే అక్కడా ఆగినట్టే. ఈ రెండు రాష్ట్రాలూ డ్రైవర్ లైసెన్స్ కాంపాక్ట్‌లో, అంటే డ్రైవర్ల రికార్డులు పంచుకునే రాష్ట్రాల ఒప్పందంలో ఉన్నాయి. ఒక డ్రైవరుకి ఒకే లైసెన్సు, ఒకే రికార్డు అన్నది దాని పద్ధతి. 'మిషిగాన్ అందులో లేదుగా, అక్కడ నడుపుతా' అని నాతో వాదించినవాళ్లూ ఉన్నారు. కాంపాక్ట్‌లో లేకపోయినా నేషనల్ డ్రైవర్ రిజిస్టర్ అని ఒకటుంది, సస్పెండైన వాళ్ల పేర్లు అన్ని రాష్ట్రాల నుంచీ దాన్లోకి వెళ్తాయి.

ఇండియా లైసెన్సు మాట వినని నెల లేదు నాకు. టెక్సస్‌లో స్థిరపడ్డాక విదేశీ లైసెన్సు 90 రోజులకు మించి పనికిరాదు. పైగా ఆపేసింది మీ కార్డుని కాదు, నడిపే హక్కుని. పోలీసు మీరిచ్చిన కార్డు చూసి సరిపెట్టుకోడు, పేరూ పుట్టినతేదీ కొడతాడు. దొరికితే న్యూజెర్సీలో మొదటిసారికి 500 డాలర్ల జరిమానా, దానిపైన మళ్లీ సస్పెన్షన్. అద్దె కారుతో ఎవరినైనా గుద్దారా, ఒప్పందం మీరినట్టు లెక్క, ఇన్సూరెన్సు వాళ్లు చేతులెత్తేస్తారు.

ఇంకో మాట, మీరు అడగలేదు గానీ. 90 రోజులు గడవగానే లైసెన్సు దానంతటదే తిరిగి రాదు. టెక్సస్‌లో లైసెన్సులిచ్చే శాఖ డీపీఎస్‌కి 125 డాలర్లు కట్టాలి. నా క్లయింటు ఒకాయన 91వ రోజు కదా అని ధీమాగా ఓక్లహోమా వెళ్లాడు. వెనక లైటు వెలగట్లేదని ఆపారు, ఫీజు కట్టలేదని బయటపడింది. లైటు మార్చడానికి ఎంతవుతుందో తర్వాత లెక్కేసుకుని ఏడ్చాడు.

ఆఫీసుకి వెళ్లక తప్పదంటే కోర్టుని అడిగి ఆక్యుపేషనల్ లైసెన్సు, అంటే అవసరమైన పనులకే నడపనిచ్చే లైసెన్సు తెచ్చుకోవచ్చు. దాన్ని నమ్ముకుని టెక్సస్ దాటొద్దు. తాగి నడిపినందుకు పెట్టే క్రిమినల్ కేసు ఈ 90 రోజుల సస్పెన్షన్‌కి వేరు, అందులో ఇంకో సస్పెన్షన్ పడొచ్చు. హెచ్‌1బీ మీద ఉంటే కేసు తేలేదాకా ఇండియా టికెట్ కొనకండి, ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి. డ్రంక్ డ్రైవింగ్ అరెస్టు ఒక్కదానికే వీసా స్టాంపు రద్దయిన వాళ్లున్నారు.

ఎడిసన్‌కి న్యూవార్క్ ఎయిర్‌పోర్టు నుంచి రైలుంది. స్టేషన్‌కి బావగారిని రమ్మనండి. కారెందుకు తీసుకోలేదంటే, 'అద్దెలు మండిపోతున్నాయి బావా' అనండి. అదీ నిజమే.