కోర్టు వాయిదాకి వెళ్లని కొడుకు, స్టాంపింగ్ టెన్షన్‌లో తండ్రి

ప్రశ్న: మావాడు టెక్సాస్‌లో ఎంఎస్ చేసేటప్పుడు ఫ్రెండ్స్‌తో వాషింగ్టన్ వెళ్తూ వర్జీనియాలో గంటకు 88 మైళ్ల స్పీడ్‌లో పోలీసులకు దొరికాడు. కోర్టు రోజు పరీక్ష ఉండి వెళ్లలేదు. మూడేళ్లయింది. ఎవరికీ చెప్పొద్దని నేనే అన్నాను. ఇప్పుడు హెచ్1బీ వచ్చింది, పాస్‌పోర్టులో వీసా వేయించుకునే స్టాంపింగ్‌కి ఇండియా రావాలి. లాయర్‌కి ఇచ్చేంత డబ్బు లేదు, లోన్ కూడా ఇంకా తీరలేదు. స్టాంపింగ్ అయ్యాక చూసుకోవచ్చా, ఆన్‌లైన్‌లో ఫైన్ కట్టేస్తే పోతుందా, లేక కోర్టుకే వెళ్లాలా? మూడూ పోల్చి చెప్పండి.

జవాబు: సార్, మీరు మూడు దారులు అడిగారు గానీ అసలు భయం మావాడి కెరీర్ అయిపోయిందా అని. అయిపోలేదు. ఒక్క స్పీడ్ కేసుతో హెచ్1బీ పోవడం మామూలుగా జరగదు. ఇబ్బంది పెట్టేది తేల్చకుండా వదిలేసిన కేసు.

వర్జీనియాలో 85 మైళ్లు దాటితే అది మామూలు చలానా కాదు, రెక్లెస్ డ్రైవింగ్ (నిర్లక్ష్యంగా నడపడం), క్లాస్ 1 మిస్‌డిమీనర్ అనే క్రిమినల్ నేరం. ఏడాది దాకా జైలు, 2,500 డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు. కంగారు పడకండి, అది గరిష్ఠం, మొదటిసారి 88లో దొరికిన కుర్రాణ్ని సాధారణంగా జైల్లో పెట్టరు. కానీ వెళ్లలేదు కాబట్టి జడ్జి అతను లేకుండానే విచారించి జరిమానా వేసి ఉండొచ్చు, లేదా కేపియస్ అంటే అరెస్టు వారంట్ ఇచ్చి ఉండొచ్చు. ఈ రెండింటిలో ఏది జరిగిందో తెలియకుండా మీరూ నేనూ ఎంత మాట్లాడుకున్నా దండగే.

ఆన్‌లైన్‌లో కట్టేయమన్నది రూమ్మేట్ల వాట్సాప్ గ్రూపే అయ్యుంటుంది, ఈమధ్య అందరూ ఇదే చెప్తున్నారు. నాకు ఇది అస్సలు నచ్చదు. విచారణ కాకముందు ఫైన్ కట్టడమంటే నేరం ఒప్పుకోవడమే. చిన్న చలానాకైతే సరే, రెక్లెస్ డ్రైవింగ్‌కి ఆ సౌకర్యమే లేదు, కోర్టులో హాజరవ్వాల్సిందే. లేనప్పుడే శిక్ష వేసేసి జరిమానా బాకీ చూపిస్తుంటే మాత్రం కట్టేయడమే మంచిది, ఒకేసారి కష్టమైతే వాయిదాలు అడగొచ్చు.

స్టాంపింగ్ అయ్యాక చూద్దాం అనేదీ వద్దు. 2025 ఏప్రిల్‌లో పోలీసు రికార్డుల్లో పేరుందని ఎంతోమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు (అమెరికా ప్రభుత్వం విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే వ్యవస్థలోవి) రద్దు చేశారు, కొట్టేసిన కేసులున్నవాళ్లు కూడా అందులో ఉన్నారు. కోర్టుల్లో దావాలు పడ్డాక వెనక్కి తగ్గారనుకోండి, కానీ పాత కేసును ఎవరూ చూడరనే నమ్మకం ఇంకా దేనికి? వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో అరెస్టు గురించి, నేరం రుజువవడం గురించి అడుగుతారు, అక్కడ దాచితే స్పీడ్ కంటే పెద్ద తప్పవుతుంది.

ఎవరికీ చెప్పొద్దని మీరు అన్నారే, దానికి నాకు కోపమొచ్చింది. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు ఉచితంగా న్యాయసలహా ఉంటుంది. చదువుతున్నప్పుడే వెళ్లి అడిగుంటే పైసా ఖర్చు లేకుండా దారి దొరికేదేమో. పరువు కోసం పిల్లాడి నోరు మూయించారు, ఇప్పుడు డబ్బు లేదంటున్నారు.

సరే, చేయాల్సింది చెప్తాను. టికెట్ కాగితం మీద ఏ కౌంటీనో ఉంటుంది. అక్కడి జనరల్ డిస్ట్రిక్ట్ కోర్టు కేసులు ఆన్‌లైన్‌లో పేరుతో ఉచితంగా వెతకొచ్చు. తర్వాత క్లర్క్ ఆఫీసుకి మీరు కాదు, అతనే ఫోన్ చేయాలి. క్లర్క్ న్యాయసలహా ఇవ్వరు గానీ వారంట్ ఉందా, మళ్లీ తేదీ కోసం ఏం దాఖలు చేయాలి, వీడియోలో హాజరవ్వొచ్చా అన్నవి చెప్తారు. జైలు పడే అవకాశం ఉన్న కేసు కాబట్టి, ఆదాయం తక్కువైతే తన తరఫున లాయర్‌ని పెట్టమని కోర్టునే అడగొచ్చు, దానికి ఆదాయం చూపే ఫారం ఇస్తారు. జైలు శిక్ష ఉండదని ముందే తేల్చేస్తే ఆ లాయర్ రాకపోవచ్చు, నేరం రుజువైతే ఆ ఫీజు కోర్టు ఖర్చుల్లో కలుస్తుంది. లాయర్ దొరికితే మొదట వీసా సంగతి చెప్పాలి. నేరం ఒప్పుకుంటే ఇమిగ్రేషన్ మీద ఏం పడుతుందో క్లయింట్‌కి చెప్పడం లాయర్ బాధ్యతని అమెరికా సుప్రీంకోర్టు 2010లోనే తేల్చింది.

అంతవరకూ అతన్ని వర్జీనియాలో కారు నడపొద్దనండి. కేసు ముగిశాక తీర్పు సర్టిఫైడ్ కాపీలు రెండు తీసుకోమనండి, ఒకటి స్టాంపింగ్ ఫైల్లో పెట్టుకోవడానికి, ఒకటి కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో అడిగితే ఇవ్వడానికి.