బాబు పేరు రాయించే ముందు

అమ్మాయీ,

మామయ్య దుఆలు. బాబుకి అబ్దుర్ రహమాన్ అని అనుకుంటున్నారట, మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. సర్టిఫికెట్‌కి ఇచ్చే ముందు మాత్రం ఇది చదువు. అబ్దుల్ కరీం అనే పేరుతో అరవై ఏళ్లు నెట్టుకొచ్చినవాణ్ణి కదా.

అరబ్బీలో 'అబ్ద్' అంటే దాసుడు. 'రహ్మాన్' అంటే అపార కరుణామయుడు, అది అల్లాహ్ పేరు. మధ్యలో ఉన్న 'అల్' ఇంగ్లీషులో 'ది' లాంటిది, ర ముందు వస్తే 'అర్' అని పలుకుతుంది. అందుకే నా పేరులో 'ల్' నిలిచింది, మీ వాడి పేరులో 'ర్' అయింది. ఈ రహ్మాన్ ఏ ధాతువు నుంచి వచ్చిందో, తల్లి గర్భాన్ని చెప్పే 'రహిమ్' కూడా అందులోంచే వచ్చింది. ఆ పేరంటే నాకు ప్రాణం ఇందుకే.

ఇస్లాంకి ముందు కూడా అరబ్బులకు 'అబ్ద్' పేర్లుండేవి. అబ్ద్ షమ్స్ అంటే సూర్యుడి దాసుడు. తర్వాత అల్లాహ్ పేర్లతోనే పెట్టుకున్నారు. అల్లాహ్‌కి బాగా ఇష్టమైన పేర్లు అబ్దుల్లా, అబ్దుర్ రహమాన్ అని, ప్రవక్త మాటల్ని కూర్చిన సహీహ్ ముస్లిం అనే గ్రంథంలో ఉంది. 756లో స్పెయిన్‌లోని కార్డోబాలో రాజ్యం స్థాపించిన ఉమయ్యద్ వంశపు యువరాజుదీ మీ వాడి పేరే.

ఇక అసలు సంగతి. ఈ పేరుని విరవకండి. రామదాసు పేర్లో రాముణ్ణి తీసేస్తే కనీసం 'దాసు' మిగులుతుంది. ఉత్త 'అబ్దుల్' అంటే ఎవరి దాసుడో తెలియని సగం మాట. ఒక ఆఫీసులో గుమస్తా నా పేరుని రెండు గడుల్లో పడేశాడు, 'అబ్దుల్' ఇంటిపేరు దగ్గర, 'కరీం' పేరు దగ్గర. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా అయింది. అఫిడవిట్లు, నోటరీ, తిరుగుళ్లు... ఆ టెన్షన్ మీకొద్దు.

ఇంగ్లీషులో మొత్తం కలిపి ఒకే పదంగా రాయించండి. స్పెల్లింగ్ ఇప్పుడే తేల్చుకుని, ఆధార్‌లోనూ బళ్లోనూ అక్షరం మారకుండా చూడండి. పుట్టుక మాత్రం 21 రోజుల్లో నమోదు చేయించాలి. పేరు తేలకపోతే కంగారు వద్దు, ఏడాదిలోపు ఫీజు లేకుండానే చేర్పించుకోవచ్చు.

ఉత్త 'రహమాన్' అని పిలవడం పెద్దవాళ్లు ఒప్పుకోరు, అది అల్లాహ్‌కే చెల్లిన పేరని. 'దయగలవాడు' అనే అర్థమున్న రహీం పేరుకైతే అంత పట్టింపు లేదు. ముద్దుగా కావాలంటే అరబ్బులు 'అబ్దూ' అంటారు, బాగుంటుంది. మీ అత్తయ్య అయితే అప్పుడే 'బుజ్జిగాడు' అని మొదలుపెట్టింది. ఆవిణ్ణి ఆపడం నా వల్ల కాదు.

మీ మామయ్య