స్టీరింగ్ లాక్ పడిందా, బరువెక్కిందా?

ప్రశ్న: మాది వేళచ్చేరిలో అపార్ట్‌మెంట్. కింద పార్కింగ్‌లో చోటు చాలక కార్లు ఒకదాని వెనక ఒకటి పెట్టుకుంటాం. వెనక పెట్టినవాళ్ళు హ్యాండ్‌బ్రేక్ వేయకుండా న్యూట్రల్‌లో వదిలి వెళ్ళాలి, అవసరమైతే వాచ్‌మన్ తోస్తాడు. మా కారు మాన్యువల్ గేర్లు, పుష్ బటన్ స్టార్ట్. మొన్న పొద్దున పిల్లల్ని స్కూల్లో దింపాలని వెళ్తే స్టీరింగ్ కదల్లేదు. బటన్ నొక్కితే దాని మీద లైటు మిణుకుమిణుకుమంది తప్ప బండి స్టార్ట్ కాలేదు. మెకానిక్ వచ్చి స్టీరింగ్ అటూ ఇటూ ఊపి స్టార్ట్ చేశాడు. "ఈ ఎలక్ట్రానిక్ లాక్ ఎప్పటికైనా తలనొప్పే, బైపాస్ చేసేస్తా" అంటున్నాడు. ఫ్లైఓవర్ మీద వెళ్తుండగా ఇలాగే లాక్ పడితే ఏం గతి అని మా మామయ్యగారికి ఒకటే టెన్షన్. బైపాస్ చేయించమంటారా?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: వద్దమ్మా, ఆ పని మాత్రం చేయించకండి. మీరు చెప్పినదాన్ని బట్టి లాక్ పాడవలేదు, తన పని తాను చేసింది. అంబత్తూరులో స్టీరింగ్ కాలమ్‌లు చేసే ఫ్యాక్టరీలో నా ఉద్యోగమంతా ఈ లాకుల్ని పరీక్షించడమే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

డ్యాష్‌బోర్డు కింద, స్టీరింగ్ రాడ్డు చుట్టూ గాళ్ళు కోసిన ఇనప పట్టీ ఒకటి ఉంటుంది. దాని పక్కనే ఒక పిన్ను. కీ తిప్పే బండ్లలో ఆ పిన్నును స్ప్రింగు గాడిలోకి నెడుతుంది. కీ తీశాక స్టీరింగ్ కొంచెం తిప్పితే టక్కుమనేది అదే. మీ బండిలో ఆ పిన్నును కదిపేది ఒక బుల్లి మోటారు. ఇంజన్ ఆపి తలుపు తీయగానే, చాలా మోడళ్ళలో, పిన్ను గాడిలో పడుతుంది. మళ్ళీ బటన్ నొక్కితే కారు మొదట మీ దగ్గరున్న కీని గుర్తుపడుతుంది, తర్వాత పిన్ను లాగుతుంది. పిన్ను పూర్తిగా బయటికొచ్చిందని తేలితేనే సెల్ఫ్ కొడుతుంది.

రాత్రి వాచ్‌మన్ తోసినప్పుడు ముందు చక్రం ఏ స్తంభానికో, నేల మీది స్టాపర్‌కో ఒరుసుకుని ఆగి ఉంటుంది. టైరు మెలిపడిన ఒత్తిడంతా రాడ్డు మీదుగా వచ్చి పిన్ను మీద పడుతుంది. తలుపును నెట్టి పట్టుకుని గడియ లాగితే రాదు చూడండి, అదే సంగతి. బుల్లి మోటారుకు అంత బలం ఎక్కడిది? ఇకముందు ఇలా అయితే క్లచ్ తొక్కి పట్టి, స్టీరింగును మెల్లగా కుడికీ ఎడమకీ ఆడిస్తూ బటన్ నొక్కండి. ఎటు తిప్పితే కాస్త సడలినట్టు అనిపిస్తుందో అటు పట్టి ఉంచండి. లోపల సన్నగా మోటారు చప్పుడు, వెంటనే టక్కుమనడం వినిపిస్తాయి. కీ బండ్లవాళ్ళకూ ఇదే పద్ధతి. కీని బలవంతంగా తిప్పితే విరిగి చేతికొస్తుంది.

అప్పటికీ రాకపోతే బ్యాటరీని అనుమానించండి. లాక్ మోటారుకు కరెంటు వచ్చేది 12 వోల్టుల బ్యాటరీ నుంచే. ఇంకో బండి బ్యాటరీ నుంచి జంపర్ కేబుల్ వేస్తే తెలిసిపోతుంది. ఎలక్ట్రిక్ కార్లలోనూ ఈ చిన్న బ్యాటరీ ఉంటుంది, అది పడుకుంటే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా లాభం లేదు. ఆటోమేటిక్ కార్లవాళ్ళకు ఇంకో మాట. గేరును పార్క్‌లో పెట్టకుండా న్యూట్రల్‌లోనే బటన్ నొక్కి దిగిపోతే చాలా కార్లు పూర్తిగా ఆఫ్ కావు, తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంది.

ఇక ఇది మామయ్యగారికి చదివి వినిపించండి. లాక్ వేరు, స్టీరింగ్ తిప్పడానికి సాయపడే మోటారు వేరు. మనం మామూలుగా ఎలక్ట్రానిక్ స్టీరింగ్ అనేది ఆ రెండోదాన్ని, అంటే ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్‌ను. 1988లో జపాన్‌లో సుజుకి సెర్వోతో కార్లలోకి వచ్చింది. తిప్పడానికి కావలసిన బలంలో కొంత మోటారు ఇస్తుంది, అంతే. మీ చేతికీ చక్రాలకీ మధ్య ఇనప రాడ్డు ఎప్పటిలాగే ఉంటుంది. టెస్లా సైబర్‌ట్రక్ లాంటి ఒకటీ అరా బండ్లలోనే ఆ రాడ్డు లేదు, మీది అలాంటిది కాదు. నడుస్తుండగా ఇంజన్ ఆగిపోతే స్టీరింగ్ బరువెక్కుతుంది తప్ప బిగుసుకుపోదు. రెండు చేతులా గట్టిగా తిప్పితే బండి పక్కకు వస్తుంది. బ్రేకును మాత్రం వదిలి వదిలి తొక్కకూడదు, ఒక్కసారే నొక్కి పట్టి ఆపాలి. పిన్ను సంగతంటారా, బండి కదులుతున్నంతసేపూ లాక్ మోటారుకు కరెంటే అందకుండా సర్క్యూట్ కట్టి ఉంటుంది. మా విభాగంలో అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టింది ఆ పరీక్షకే. నాకు భయమల్లా కీ బండ్లతోనే. పెట్రోలు కలిసొస్తుందని తిరుమల ఘాట్ దిగుతూ ఇంజన్ ఆపేసేవాళ్ళున్నారు. అప్పుడు కీ పూర్తిగా వెనక్కి తిరిగి చేతికొచ్చిందంటే, ఆ తర్వాతి మలుపులో స్టీరింగ్ తిరగదు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

బైపాస్ అంటే ఏం చేస్తారో కూడా తెలుసుకోండి. లాక్ తెరిచే ఉందని కారు కంప్యూటర్‌కు అబద్ధం చెప్పే ఒక పరికరం తగిలిస్తారు. పిన్ను నిజంగా ఎక్కడుందో ఆ తర్వాత కారుకు తెలియదు. మీ పిల్లలు కూర్చునే బండిలో అలాంటిది నేను ఒప్పుకోను. లాక్ మోటారు నిజంగానే అరిగిపోయిందని తేలితే కంపెనీ సర్వీస్ సెంటర్లో ఆ భాగమే మార్పించండి.

పార్కింగ్‌లో వదిలేముందు ముందు చక్రాలు తిన్నగా ఉండేలా చూసుకోండి. లాక్ పడ్డాక చక్రాలు ఎటు ఉంటే బండి అటే పోతుంది. మీ వేళచ్చేరిలో ఇది మరీ ముఖ్యం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు నీళ్ళలో చిక్కిన కార్లు చూశాను. బ్యాటరీ పోయి, స్టీరింగ్ లాక్ పడి, నలుగురు కలిసి తోసినా మలుపు తిరగని బండ్లు. వాటిని ముందు చక్రాలు నేల మీద ఈడుస్తూ లాక్కెళ్తే టైర్లు, రాడ్లు పాడవుతాయి. బండిని మొత్తంగా పైకెక్కించుకునే లారీనే పిలవాలి. వాన హెచ్చరిక రాగానే నీళ్ళలో చిక్కకుండా మీవాళ్ళు కార్లను ఫ్లైఓవర్ మీద వరసగా పెడతారు కదా, ఆ పని బ్యాటరీ బాగున్నప్పుడే చేయాలి.

ప్రశ్న: కారులోనే లాక్ ఉండగా బయట అమ్మే స్టీరింగ్ రాడ్ లాక్ కూడా అవసరమా?
– ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: రాత్రిళ్ళు రోడ్డు మీద పెట్టేవాళ్ళయితే కొనండి. పుష్ బటన్ కార్లలో కొన్నిటికి లోపలి లాక్ ఉండదు, కారుతో ఇచ్చిన పుస్తకం చూసుకోండి. పైగా ఇంట్లో ఉన్న మీ కీ సిగ్నల్‌ను పరికరాలతో సాగదీసి కారు తెరిచే దొంగకు ఎలక్ట్రానిక్ లాక్ అడ్డు కాదు. కంటికి కనిపించే ఇనప రాడ్డు అడ్డే. అమెరికాలో ఇమ్మొబిలైజర్ (సరైన కీ లేకపోతే ఇంజన్ స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) లేని హ్యుందాయ్, కియా కార్ల దొంగతనాలు పెరిగినప్పుడు ఆ కంపెనీలు పోలీసుల ద్వారా ఇలాంటి లాకులే వేల సంఖ్యలో ఉచితంగా పంచాయి. రాడ్డు తీయకుండా ఇంజన్ స్టార్ట్ చేసి స్టీరింగ్ తిప్పకండి, పవర్ స్టీరింగ్ మోటారు దాని మీదే బలం పెడుతుంది. కొనేటప్పుడు మధ్యలోని ఎయిర్‌బ్యాగ్ మూత మీద ఒత్తిడి పడనిది చూసుకోండి.