సమాధానం: నాన్నగారికి హెపటైటిస్ సి పాజిటివ్

తమ్ముడూ, కంటి ఆపరేషన్ ముందు టెస్టుల్లో నాన్నగారికి యాంటీ హెచ్‌సీవీ (లివర్‌కి సోకే హెపటైటిస్ సి వైరస్ మీద ఒంట్లో తయారైన యాంటీబాడీల టెస్టు) పాజిటివ్ వచ్చిందని, చిత్తూరులో పసరు పోయిద్దామని చుట్టాలు అంటున్నారని రాశావు. పసరు వద్దేవద్దు, కొన్ని ఆకులు లివర్‌నే దెబ్బతీస్తాయి. పాజిటివ్ అంటే వైరస్ ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని మాత్రమే. సుమారు నాలుగో వంతు మందిలో దానంతటదే పోతుంది. ఇప్పుడుందో లేదో ఆర్‌ఎన్‌ఏ టెస్టు (రక్తంలో వైరస్‌నే వెతికేది) చెబుతుంది. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి గ్యాస్ట్రో (జీర్ణకోశ, లివర్ జబ్బుల) ఓపీలో చూపించు.

ఉన్నా టెన్షన్ వద్దు. ఒకప్పుడు నెలల తరబడి ఇంటర్‌ఫెరాన్ సూదులు, అయినా చాలామందికి తగ్గేది కాదు. ఇప్పుడు సోఫోస్బువిర్, డక్లాటాస్విర్ మాత్రలు, మామూలుగా 12 వారాలు. నూటికి 95 మందికి నయమవుతోంది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. సిర్రోసిస్ (లివర్ గట్టిపడి పాడవడం) ఉంటే కోర్సు మారొచ్చు, డాక్టర్‌ని అడుగు.

కంచం, గ్లాసు వేరు చేయకండి, పాపం పెద్దాయన! ఇది రక్తం ద్వారా అంటుతుంది కాబట్టి షేవింగ్ బ్లేడు మాత్రం వేరుగా ఉంచండి.