డీఎండీ ఉన్న పిల్లవాడికి స్టెమ్ సెల్ ఎక్కిస్తామంటున్నారు, పొలం అమ్మొచ్చా?

మీ అన్న కొడుక్కి ఎనిమిదేళ్లకు డీఎండీ (డుషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ, కండలు క్రమంగా క్షీణించే జన్యు జబ్బు) అని తేలింది, స్టెమ్ సెల్ అంటే మూలకణాలు ఎక్కిస్తే నడక పోకుండా ఉంటుందని క్లినిక్ వాళ్లు లక్షలు అడుగుతున్నారు, అందుకు పొలం అమ్మాలా అని అడిగారు. అమ్మకండి. నేను డాక్టర్‌ను కాను. మా అక్క కొడుక్కీ ఇదే జబ్బు. వాళ్లది హాలియా దగ్గర పల్లె. సాగర్ ఎడమ కాలువ కింద ఉన్న ఎకరానికి మా బావ బేరం కూడా పెట్టాడు.

కండరాల మూలకణాలు ఉన్నమాట నిజమే. కండ పోగుల అంచున ఉండే శాటిలైట్ కణాలను 1961లోనే అలెగ్జాండర్ మౌరో గుర్తించాడు. విత్తనానికని పక్కన పెట్టుకునే వడ్లలాంటివి అవి. కండ దెబ్బతింటే లేచి కొత్త పోగులు అల్లుతాయి. డీఎండీ పిల్లల్లో కండ పోగులు చిట్లకుండా కాపాడే డిస్ట్రోఫిన్ ప్రొటీన్ తయారు కాదు కాబట్టి మామూలుగా నడిచినా పోగులు చిట్లుతూనే ఉంటాయి. ఆ కణాలు అతుకులు వేసీ వేసీ వెనకబడతాయి, కండ ఉండాల్సిన చోట కొవ్వు, పీచు చేరతాయి.

మరి బయటి నుంచి మంచి కణాలు ఎక్కిస్తే? 1990ల మొదట్లోనే చేసి చూశారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కండ కణాలను పిల్లలకు ఇంజెక్షన్లుగా ఇచ్చారు. చాలావరకు కొద్ది రోజుల్లోనే చచ్చిపోయాయి, మిగిలినవి సూది దిగిన చోటు దాటి పెద్దగా పోలేదు. గుండె కూడా కండే, ఊపిరి ఆడించే డయాఫ్రమ్ కూడా కండే. ఎన్నిచోట్లని పొడుస్తారు?

క్లినిక్‌లో అమ్మేది అసలు అది కూడా కాదు. పిల్లగాడి తుంటి ఎముక నుంచి మజ్జ తీసి, అందులోని కణాలను మళ్లీ వాడికే ఎక్కిస్తామని మా వాళ్లకు చెప్పారు. మజ్జ కణాలు కండగా మారడం లెక్కలోకి రానంత తక్కువ. పైగా అవి వాడి సొంత కణాలే, అదే జన్యులోపం వాటిలోనూ ఉంటుంది! ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ జబ్బులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతాదంతా అనుమతి ఉన్న ట్రయల్‌గానే (ప్రయోగ పరీక్షగానే) జరగాలి, ట్రయల్‌కు పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదు. నేను వెళ్లి సీటీఆర్‌ఐ (దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే రంగుల పాంఫ్లెట్ ఇచ్చారు. బావ బేరం అక్కడితో ఆగింది.

మా అక్క కొడుక్కి నిజంగా పనికొచ్చింది స్టెరాయిడే. ప్రెడ్నిసోలోన్, డెఫ్లజాకార్ట్ నడక ఆగే రోజును వెనక్కి నెడతాయి. బరువు పెరుగుతుంది, ఎముకలు బలహీనపడతాయి, అయినా ఒక్కసారిగా మాత్రం ఆపొద్దు, ప్రమాదం. మడమ వెనక స్నాయువు బిగుసుకోకుండా రోజూ సాగదీయించండి, గుండెకు ఎకో తీయించండి. ఏ ఆపరేషన్‌కైనా మత్తు డాక్టరుకు డీఎండీ అని ముందే చెప్పాలి, కొన్ని మత్తు మందులు వీళ్లకు ప్రాణం మీదికి తెస్తాయి.

జన్యు పరీక్ష చేయించకపోతే ఆ లక్షల్లో కొంత దానికి పెట్టండి. ఏ ఎక్సాన్లు (జన్యువులోని ముక్కలు) పోయాయో తెలిస్తేనే రేపు నిజమైన ట్రయల్ వచ్చినా మీవాడు పనికొస్తాడో లేదో తేలుతుంది. లోపం మీ వదిన వైపు నుంచి వచ్చి ఉంటే ఆమె అక్కచెల్లెళ్లకూ పరీక్ష అవసరం. అయితే దాదాపు మూడింట ఒక వంతు పిల్లల్లో ఇది తల్లి నుంచి రాదు, కొత్తగా వచ్చిన మార్పే. మా అక్కను చుట్టాలు అన్న మాటలు విన్నాను కాబట్టి ఇది మీ ఇంట్లో పెద్దవాళ్లకు తప్పకుండా చెప్పండి.

హైదరాబాద్ నిమ్స్ అరుదైన జబ్బుల జాతీయ కేంద్రాల్లో ఒకటి, రిపోర్టులన్నీ పట్టుకుని ముందు అక్కడ చూపించండి. మస్క్యులర్ డిస్ట్రఫీ 2016 వికలాంగుల చట్టంలో ఉంది, వైకల్య సర్టిఫికెట్‌కు ఇప్పుడే అప్లై చేసేయండి.