సంతకం ఎవరిదో రాయమ్మా

అమ్మా,

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఎన్నికల కమిషనర్ తొలగింపు మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. ఎత్తుగడ బాగుంది. కానీ రెండో పేజీలో "ఎన్నికల కమిషనర్ విషయంలో ప్రభుత్వానికి హైకోర్టు మొట్టికాయ వేసింది" అన్నావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది. కోర్టులు తీర్పులిస్తాయి. ఆ తీర్పులో ఏముందో మాత్రం నువ్వు ఒక్క ముక్క చెప్పలేదు. ఈ మొట్టికాయలు, షాకులు, ఝలక్‌లు మన న్యూస్ డెస్కులు అంటించిన జబ్బు. రాయడం మొదలుపెట్టీ పెట్టగానే నీకెందుకిది?

అధికారిని తీసేశారని రాస్తున్నప్పుడు ఎవరు నియమించారు, ఎవరు తీశారు, ఏ కాగితంతో తీశారు అన్నది చెప్పకుండా ముందుకెళ్లకు. అసలు కథ అక్కడే ఉంటుంది.

2020 మార్చి 15న అప్పటి కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ కరోనా కారణం చెప్పి స్థానిక ఎన్నికలు వాయిదా వేశారు. ప్రభుత్వానికి కోపం వచ్చింది. ఇంతవరకు నువ్వూ రాశావు. ఏప్రిల్ 10న పని ఎలా జరిపారో చూడు. పంచాయతీరాజ్ చట్టాన్ని ఆర్డినెన్స్‌తో, అంటే అసెంబ్లీ సమావేశాలు లేనప్పుడు గవర్నర్ పేరిట తెచ్చే తాత్కాలిక చట్టంతో సవరించి, కమిషనర్ పదవీకాలం ఐదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించారు. ఆయనకు అప్పటికే నాలుగేళ్లు దాటాయి. పదవి పోయింది. మనిషిని ముట్టుకోకుండా కుర్చీ కాళ్లు కోసేశారు. మర్నాడే మద్రాసు హైకోర్టు మాజీ న్యాయమూర్తి కనగరాజ్ బాధ్యతలు తీసుకున్నారు.

ఇప్పుడు రాజ్యాంగంలో 243-కె అధికరణం తెరువు. రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌ను నియమించేది గవర్నర్. తొలగించాలంటే హైకోర్టు న్యాయమూర్తిని తొలగించే పద్ధతే పాటించాలి. అంటే వ్యవహారం పార్లమెంటు ఉభయసభల దాకా వెళ్లాలి. నియామకం తర్వాత సర్వీసు షరతుల్ని ఆయనకు నష్టం కలిగేలా మార్చకూడదని కూడా అక్కడే ఉంది. ఎందుకింత కట్టుదిట్టం? రేపు ఓట్లడగబోయే పార్టీయే ఇవాళ ప్రభుత్వంలో ఉంటుంది కనుక. పోలింగ్ తేదీ నచ్చలేదని కమిషనర్‌ను ఇంటికి పంపగలిగితే ఇక ఆ తేదీ పెట్టేది ఎవరు?

మే 29న హైకోర్టు ఆర్డినెన్స్‌ను కొట్టేసింది. సుప్రీంకోర్టు స్టే ఇవ్వలేదు. అయినా ఆయన్ను తిరిగి నియమిస్తూ ఉత్తర్వు వచ్చేసరికి జూలై నెలాఖరైంది. ఈలోగా కోర్టు ధిక్కార పిటిషన్, గవర్నర్‌కు వినతి. ఈ రెండు నెలల్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. గెలిచిన మనిషి బయట నిలబడి ఉన్న రోజులమ్మా అవి!

వయసులో ఉన్నప్పుడు నేనొక సర్పంచి తొలగింపు మీద కథ రాశాను. ఫైలు కళ్లారా చూసి రాసిన కథ. షోకాజ్ నోటీసులో సంజాయిషీకి ఇచ్చిన గడువు ఇంకా మిగిలే ఉంది, తొలగింపు ప్రొసీడింగ్స్ మీద అప్పటికే సంతకం పడిపోయింది. ఆ రెండు తేదీలే నా కథ. సంపాదకుడు అవి రెండూ కొట్టేసి, "పాఠకులకు తేదీలెందుకండీ, సర్పంచి భార్య ఏడుపు పెంచండి" అన్నాడు. నేను పెంచనంటే తనే పెంచి అచ్చేశాడు. ఆ కోపం నాకింకా తగ్గలేదు. పాఠకులకు తేదీలు అర్థం కావని ఎవరన్నా నమ్మకు. పెన్షన్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన ప్రతివాడికీ తేదీ విలువ తెలుసు.

కొత్తవాళ్లను ఏ పత్రిక వేసుకుంటుందని అడిగావు. అది తర్వాత చూద్దాం. ముందు ఆ ఆర్డినెన్స్, తీర్పు రెండూ సంపాదించి మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువు. ప్రభుత్వం తరఫున ఏం వాదించారో కూడా రాసుకో, నీ వ్యాసంలో ఆ పక్షం అసలే లేదు. రెండో పేజీ మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు